మూత్రంలో యాంటీబయాటిక్ లెక్క
(ఫార్మసీ, రసాయనశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడున్నవారిలో ఎక్కువమంది ఫార్మసీ, రసాయనశాస్త్రం చదువుతున్నవారు కాబట్టి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలో కలిసి ఉన్న పదార్థాలను విడదీసి, ఒక్కొక్కటీ ఎంతుందో కొలిచే అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ) అంటే ఏమిటో మొదటినుంచి చెప్పనవసరం లేదనుకుంటాను. మాత్రను పొడిచేసి, కరిగించి, వడగట్టి, అందులో మందు ఎంతుందో ఆ యంత్రంతో మీరు కొలిచే ఉంటారు. అదే యంత్రంలోకి మాత్ర ద్రావణానికి బదులు మనిషి మూత్రాన్ని పంపితే ఏమేమి మారతాయో ఈ రోజు మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: ఈ పనిలో కష్టం పీక్‌ను, అంటే యంత్రం గీసే గ్రాఫ్‌లో మందుకు వచ్చే శిఖరాన్ని, రాబట్టడంలో లేదు. ఆ మూత్రం మందు వేసుకున్న ఎన్ని గంటలకు వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది, దాన్ని ఎలా దాచారు, అందులో మందు ఏ రూపంలో ఉంది అన్న నాలుగు సంగతులు తెలియనిదే యంత్రం ఇచ్చే అంకెకు అర్థం ఉండదు. నా ప్రసంగమంతా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

యాంటీబయాటిక్‌ల కథలో మూత్రానికి మొదటినుంచీ చోటుంది. 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ ఇన్ఫర్మరీలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబుల్‌కు పెన్సిలిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. ఉన్న మందు చాలా తక్కువ, ఎక్కించిన దానిలో ఎక్కువ భాగం కొద్ది గంటల్లోనే మూత్రంలో వెళ్లిపోతోంది. అందువల్ల ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్ తయారుచేస్తున్న హోవర్డ్ ఫ్లోరీ బృందం ఆయన మూత్రాన్ని సేకరించి, ప్రయోగశాలకు చేర్చి, అందులోనుంచి పెన్సిలిన్‌ను తిరిగి రాబట్టి మళ్లీ ఆయనకే ఎక్కించింది. ఆరోగ్యం కుదుటపడుతున్న దశలో మందు నిండుకుంది. మార్చి 15న ఆయన మరణించారు. ఆ రోజుల్లో పెన్సిలిన్‌ను కొలిచే పద్ధతిని రూపొందించినవాడు అదే బృందంలోని నార్మన్ హీట్లీ. బాక్టీరియా చల్లిన అగర్ ప్లేటు మీద చిన్న గొట్టాలు నిలబెట్టి, వాటిలో ద్రవాన్ని పోసి, మర్నాడు గొట్టం చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఎంత వెడల్పుందో చూసి మందు బలాన్ని లెక్కగట్టేవారు. ఈ పద్ధతి ఫార్మకోపియాల్లో (మందుల ప్రమాణ గ్రంథాల్లో) ఇప్పటికీ ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ ప్లేటు కొలిచేది బాక్టీరియాను అడ్డుకునే శక్తిని మాత్రమే. రోగి రెండు యాంటీబయాటిక్‌లు వాడుతుంటే రెండింటి శక్తీ ఒకే వలయంలో కలిసిపోతుంది. శరీరం మందును మార్చి తయారుచేసిన మెటబొలైట్‌కు కూడా కొంత శక్తి ఉంటే అదీ అందులోనే చేరుతుంది. ఏ అణువు ఎంతుందో విడదీసి చెప్పాలంటే ద్రవ క్రొమటోగ్రఫీ కావాలి. రష్యన్ వృక్షశాస్త్రవేత్త త్స్వెట్ 1900ల తొలి సంవత్సరాల్లో ఆకుల రంగులను విడదీయడంతో మొదలై, మార్టిన్, సింజ్‌లకు 1952లో నోబెల్ బహుమతి తెచ్చిన విభజన క్రొమటోగ్రఫీ మీదుగా, 1960ల చివరికి అధిక పీడన యంత్రంగా మారిన చరిత్ర మీ పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి దాన్ని ఇంతటితో వదిలేస్తాను.

మూత్రాన్ని రక్తంతో పోల్చి చూడండి. రక్తరసంలో ప్రొటీన్లు నిండుగా ఉంటాయి. వాటిని అవక్షేపం చేసి తీసేస్తే తప్ప కాలమ్ (పదార్థాలను విడదీసే, పొడి నింపిన గొట్టం) బతకదు. ఆరోగ్యవంతుని మూత్రంలో ప్రొటీన్ లేనట్టే లెక్క కాబట్టి ఆ శ్రమ తప్పుతుంది. పైగా మూత్రపిండాలు మందును గాఢం చేసి బయటికి పంపుతాయి కాబట్టి కొలవడానికి కావలసినంత మందు ఉంటుంది. ఇంతవరకు అనుకూలమే. ప్రతికూలమేమిటంటే, రక్తరసం పీహెచ్ 7.4 దగ్గరే నిలిచి ఉంటుంది. మూత్రం పీహెచ్ సుమారు 4.5 నుంచి 8 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఉదయం లేవగానే వచ్చే మూత్రానికీ, ఎండలో తిరిగొచ్చి లీటరు మజ్జిగ తాగాక వచ్చే మూత్రానికీ గాఢతలో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. యూరియా, క్రియాటినిన్, లవణాలు, రంగు పదార్థాలు, తిన్న తిండి నుంచి, తాగిన కాఫీ నుంచి వచ్చిన నానా రకాల చిన్న అణువులు అందులో ఉంటాయి, అవి మనిషి మనిషికీ, పూట పూటకూ మారిపోతుంటాయి.

ఉదాహరణకు ఒక మందును పట్టుకుని చివరిదాకా వెళదాం. సిప్రోఫ్లాక్సాసిన్ తీసుకుంటాను, ఎందుకంటే మన ఇళ్లలో ఆ పేరు తెలియనివారు అరుదు, విశ్లేషకుడికి కూడా అది నేర్పే పాఠాలు ఎక్కువ. నోటి ద్వారా తీసుకున్న మోతాదులో సుమారు 40 నుంచి 50 శాతం మారకుండా మూత్రంలో వస్తుంది. మరో 15 శాతం దాకా నాలుగు మెటబొలైట్ల రూపంలో బయటపడుతుంది. 250 మి.గ్రా. మాత్ర వేసుకుంటే రక్తంలో గరిష్ఠ గాఢత మిల్లీలీటరుకు 1.2 మైక్రోగ్రాములు. అదే మాత్ర తర్వాత మొదటి రెండు గంటల మూత్రంలో సాధారణంగా 200 మైక్రోగ్రాములు దాటుతుంది. 8 నుంచి 12 గంటల మధ్య సుమారు 30 మైక్రోగ్రాములు ఉంటుంది. రక్తంకన్నా మూత్రంలో వంద రెట్లకు మించిన గాఢత ఎలా వస్తుందంటే, మూత్రపిండం ఈ మందును వడపోతతో వదలడమే కాక నాళికల గోడల నుంచి చొరవగా మూత్రంలోకి తోస్తుంది. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లలో దీన్ని అంతగా వాడటానికి ఒక కారణం ఇదే. నైట్రోఫ్యురాంటాయిన్‌దీ ఇలాంటి కథే: రక్తంలో దొరకడం కష్టం, మూత్రంలో పుష్కలం. అలాంటి మందు శరీరంలో ఎంత చేరిందో తెలుసుకోవాలంటే రక్తంకన్నా మూత్రమే నమ్మకమైన సాక్షి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇవి బోధన కోసం నేను వేసుకున్న అంకెలు. ఒక వ్యక్తి మూత్రాశయం ఖాళీ చేసుకుని 250 మి.గ్రా. మాత్ర వేసుకున్నాడు. మొదటి 2 గంటల్లో 150 మి.లీ. మూత్రం, గాఢత మిల్లీలీటరుకు 220 మైక్రోగ్రాములు. అంటే 33 మి.గ్రా. మందు. 2 నుంచి 4 గంటల మధ్య 200 మి.లీ., గాఢత 150; 30 మి.గ్రా. 4 నుంచి 8 మధ్య 400 మి.లీ., గాఢత 70, 28 మి.గ్రా. 8 నుంచి 12 మధ్య 350 మి.లీ., గాఢత 30, పదిన్నర మి.గ్రా. ఆ తర్వాత 24వ గంట దాకా 700 మి.లీ., గాఢత 10; 7 మి.గ్రా. మొత్తం 108.5 మి.గ్రా., అంటే మోతాదులో 43.4 శాతం. పుస్తకాల్లో చెప్పిన పరిధిలోనే ఉంది. ఇదే వ్యక్తి మూడో గంటలో ఎక్కడో బయట ఉండి, డబ్బా వెంట లేక ఒక్కసారి మూత్రం పారబోశాడనుకోండి. మన లెక్క 31.4 శాతానికి పడిపోతుంది. కాలమ్ బాగుంది, స్టాండర్డ్ (పోల్చడానికి వాడే, గాఢత తెలిసిన మందు ద్రావణం) బాగుంది, పీక్ అద్దంలా ఉంది. ఫలితం మాత్రం తప్పు. ఆ 31 శాతాన్ని చూసి మాత్ర నాసిరకమనో, పేగుల్లో సరిగా ఇంకలేదనో తీర్మానిస్తే నిర్దోషిని దోషిని చేసినట్టవుతుంది. నిజంగా ఇంకకపోవడమూ జరుగుతుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ సిరప్ తాగి వెంటనే సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటే ఆ లోహాలు మందును పట్టుకుని పేగు దాటనివ్వవు, మూత్రంలో మందు బాగా తగ్గిపోతుంది. ఈ రెండు సందర్భాలనూ వేరుచేసి చూపించేది మూత్రం సేకరించిన వివరాల పుస్తకమే గాని క్రొమటోగ్రామ్ (యంత్రం గీసే గ్రాఫ్) కాదు. కాబట్టి ప్రతి విడత మూత్రం పరిమాణాన్ని కొలజాడీతో కొలిచి, సమయంతో సహా రాసిన తర్వాతే అందులోనుంచి చిన్న గొట్టంలోకి శాంపిల్ తీయాలి.

శాంపిల్ తీశాక దాచడం. మూత్రాన్ని ఫ్రిజ్‌లో పెడితే అడుగున తెల్లగా మడ్డి దిగడం మీరు చూసే ఉంటారు. ఫాస్ఫేట్లు, యూరేట్లు చల్లదనానికి స్ఫటికాలవుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ ఆమ్లంలో బాగా కరుగుతుంది, తటస్థ పీహెచ్ దగ్గర చాలా తక్కువగా కరుగుతుంది. క్షార మూత్రంలో ఈ మందే స్ఫటికాలుగా దిగవచ్చు, శరీరంలో కూడా ఆ ప్రమాదం ఉంది. అలాంటి శాంపిల్‌ను చల్లగా ఉండగానే సెంట్రిఫ్యూజ్ చేసి పైనీటిని మాత్రం తీసుకుంటే మందులో కొంత భాగం మడ్డితో పాటు చెత్తబుట్టలో పడుతుంది. గది ఉష్ణోగ్రతకు తెచ్చి, బాగా కలిపి, ఆమ్ల ద్రావణంతో పలుచన చేశాకే వడగట్టాలి. వెలుతురు కూడా ఈ కుటుంబపు మందులకు పడదు. గోధుమరంగు వయల్స్ వాడటం అందుకే.

ఇక యంత్రం. సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఫార్మకోపియాలో కనిపించే అమరిక మీకు తెలిసిందే: సీ18 కాలమ్ (నీటికి దూరంగా ఉండే కార్బన్ గొలుసులు తగిలించిన సిలికా పొడి నింపినది), ట్రైఇథైలమిన్‌తో పీహెచ్ 3కు సర్దిన పలుచని ఫాస్ఫారిక్ ఆమ్లం 87 వంతులు, అసిటోనైట్రైల్ 13 వంతులు, 278 నానోమీటర్ల దగ్గర యూవీ. ట్రైఇథైలమిన్ ఎందుకని అడగకుండానే చాలామంది కలిపేస్తారు. సిలికా మీద మిగిలిపోయిన సిలనాల్ గుంపులు ఈ మందులోని క్షార నైట్రోజన్‌ను పట్టుకుని పీక్‌కు తోక సాగదీస్తాయి. ట్రైఇథైలమిన్ ఆ స్థానాలను ముందే ఆక్రమించి అడ్డుపడుతుంది. మూత్రానికి ఇదే మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రవం) చాలావరకు సరిపోతుంది గాని యూవీ డిటెక్టర్‌తో నేను ఆగమనను, ఎందుకంటే 278 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చే అణువులు మూత్రంలో లెక్కలేనన్ని. అదృష్టవశాత్తు సిప్రోఫ్లాక్సాసిన్ ప్రతిదీప్తి గల అణువు: 280 దగ్గర కాంతి ఇస్తే 450 నానోమీటర్ల పరిసరాల్లో తిరిగి వెలుగుతుంది. ఫ్లోరెసెన్స్ డిటెక్టర్ పెట్టుకుంటే మూత్రాన్ని వంద రెట్లు పలుచన చేసి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగట్టి, నేరుగా ఇంజెక్ట్ చేయవచ్చు. మందు పలుచనైనట్టే మూత్రంలోని తక్కిన కల్మషమూ పలుచనవుతుంది. అక్కరలేని చోట సాలిడ్ ఫేజ్ కార్ట్రిడ్జ్‌లు (మందును పట్టి ఉంచి కల్మషాన్ని కడిగేసే చిన్న గొట్టాలు) వాడి డబ్బు తగలేయడం నాకు నచ్చదు. మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్న మందుకు పలుచన చాలు. నానోగ్రాముల్లో ఉన్నదాన్ని వెతికేటప్పుడు కార్ట్రిడ్జ్ కొనండి.

స్టాండర్డ్ దగ్గర ఒక జాగ్రత్త. మాత్ర మీద 250 మి.గ్రా. అని రాసింది సిప్రోఫ్లాక్సాసిన్ బేస్ (లవణంగా మారని అసలు మందు) లెక్క. లోపల ఉన్నది హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్, దాని బరువు 291 మి.గ్రా. మీరు తూచే స్టాండర్డ్ ఏ రూపంలో ఉందో సీసా మీద చదివి లెక్క సరిచేయకపోతే ప్రతి ఫలితమూ 16 శాతం పక్కకు జరుగుతుంది, అన్నీ ఒకే వైపు జరుగుతాయి కాబట్టి అనుమానం కూడా రాదు.

అన్ని యాంటీబయాటిక్‌లూ ఇంత మంచివి కావు. అమాక్సిసిలిన్ మోతాదులో సుమారు 60 శాతం ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మారకుండా మూత్రంలోకి వస్తుంది గాని అందులోని బీటా లాక్టమ్ వలయం సీసాలో కూడా తెరుచుకుంటూనే ఉంటుంది. మధ్యాహ్నం దాకా బల్ల మీద పెట్టి సాయంత్రం కొలిస్తే మీరు కొలిచేది మిగిలిన మందును. వెంటనే మంచులో పెట్టి, ఎక్కువ రోజులు దాచాలంటే మైనస్ 70 డిగ్రీలకో అంతకన్నా కిందికో పంపాలి. జెంటామైసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్లకు యూవీలో కనిపించే భాగమే లేదు, నీటిని వదిలి సీ18 వైపు చూడవు. ఆర్థోథాలాల్డిహైడ్‌తో చర్య జరిపి వెలిగేట్టు చేయాలి, లేదా అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు వెళ్లాలి. అజిత్రోమైసిన్ చాలావరకు పిత్తం ద్వారా పోతుంది, మూత్రంలోకి వచ్చేది సుమారు 6 శాతమే. సల్ఫామెథాక్సజోల్ వేరే పాఠం చెబుతుంది: మూత్రంలో వచ్చిన మొత్తం సల్ఫాలో విడి మందు 30 శాతం, మిగతాది అసిటైల్ తగిలించుకున్న మెటబొలైట్. విడి మందు పీక్ ఒక్కటే చూసుకుని మొత్తం లెక్క చెప్పామనుకుంటే మూడింట రెండు వంతులకు పైగా వదిలేసినట్టే. రిఫాంపిసిన్ వాడే క్షయ రోగులకు మూత్రం ఎర్రబడుతుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. మాత్ర మింగారా లేదా అని ఆరోగ్య కార్యకర్తలు ఆ రంగును బట్టే పోల్చుకుంటారు. ఎంత మింగారో, ఎంత ఇంకిందో రంగు చెప్పదు.

మాస్ స్పెక్ట్రోమీటర్ పేరెత్తాను కాబట్టి దాని ప్రధాన బలహీనత గురించి కాస్త నిలబడి మాట్లాడాలి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు 332 ద్రవ్యరాశి గల అయాన్‌ను ఎంచుకుని, విరగ్గొట్టి, 288, 231 ముక్కలను మాత్రమే లెక్కపెట్టమంటాం. ఇంత కచ్చితంగా ఎంచుకుంటే వేరే అణువు అడ్డొచ్చే వీల్లేదని కొత్తగా చేరినవారు నమ్ముతారు. డిటెక్టర్‌లోకి అడ్డం రావడం తక్కువే. ఆ ముందు మెట్టులో, ద్రవం పిచికారీ అయి అణువులు విద్యుదావేశం తెచ్చుకునే చోట ఉంది చిక్కు. సంక్రాంతి ముందు రోజు బస్టాండులో బస్సు తలుపు దగ్గర ఎలా ఉంటుందో తెలుసు కదా; మన మనిషి టికెట్ ఉండి కూడా లోపలికి ఎక్కలేడు, కండక్టరు లోపలివాళ్లను మాత్రమే లెక్కపెడతాడు. మందుతో పాటు ఒకే నిమిషంలో కాలమ్ నుంచి దిగే మూత్ర లవణాలు, చిన్న అణువులు ఆవేశాన్ని పంచుకుపోయి మన మందు సంకేతాన్ని తగ్గిస్తాయి, ఒక్కోసారి పెంచుతాయి కూడా. వాటిని మనం కొలవడం లేదు కాబట్టి అవి క్రొమటోగ్రామ్‌లో కనిపించవు. గాఢమైన ఉదయపు మూత్రంలో ఈ అణచివేత ఎక్కువ, పలుచని మూత్రంలో తక్కువ. అంటే ఒకే మనిషి శాంపిల్స్‌లోనే తప్పు మారుతూ ఉంటుంది.

దీనికి మంచి విరుగుడు, డ్యుటీరియం (భార హైడ్రోజన్) వంటి భార ఐసోటోపుతో తయారైన అదే అణువును ఇంటర్నల్ స్టాండర్డ్‌గా, అంటే తెలిసిన మోతాదులో ప్రతి శాంపిల్‌లోనూ, కలపడం. అది దాదాపు అదే క్షణంలో దిగుతుంది, అంతే అణచివేతకు గురవుతుంది, నిష్పత్తి నిలబడుతుంది. ఖరీదు ఎక్కువని వేరే క్వినోలోన్ మందును ఇంటర్నల్ స్టాండర్డ్‌గా పెట్టేవారున్నారు. అది అర నిమిషం ముందో వెనకో దిగితే దానికి తగిలే గుంపు వేరు. ఒక ఆచరణ సూచన: మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఫాస్ఫేట్ బఫర్ పంపకూడదు, ఆవిరి కాని లవణం సోర్స్‌లో (ద్రవం పిచికారీ అయ్యే చోట) పేరుకుపోతుంది. అక్కడ ఫార్మిక్ ఆమ్లం వాడాలి.

పద్ధతి నమ్మదగినదని నిరూపించడానికి 2022లో ఆమోదం పొందిన ఐసీహెచ్ (మందుల ప్రమాణాలను దేశాల మధ్య ఏకం చేసే సంస్థ) ఎం10 మార్గదర్శకం ఉంది. తెలిసిన గాఢతకూ కొలిచిన గాఢతకూ తేడా 15 శాతానికి మించకూడదు, అతి తక్కువ గాఢత దగ్గర 20 శాతం దాకా ఒప్పుకుంటారు. మిగతా షరతులు మీరే చదువుకోగలరు. నేను నొక్కి చెప్పేది వేర్వేరు మనుషుల నుంచి తెచ్చిన కనీసం ఆరు ఖాళీ (మందు లేని) మూత్రాలతో మాట్రిక్స్ పరీక్ష, అంటే మూత్రంలోని తక్కిన పదార్థాలు కొలతను ఎంత మారుస్తాయో చూసే పరీక్ష, చేయమన్న షరతు. స్నేహితులు ఆరుగురి నుంచి ఒకే రోజు, ఒకే హాస్టల్ భోజనం తర్వాత తెచ్చిన మూత్రాలు కాగితం మీద ఆరైనా నా లెక్కలో ఒకటికి కాస్త ఎక్కువ. ఒక గాఢమైనది, ఒక పలుచనిది, ఒక క్షారమైనది ఉండేట్టు ఏరి తెచ్చుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది మందు వేసుకున్నవారి సంగతి. మందు వేసుకోనివారి మూత్రంలో కూడా యాంటీబయాటిక్‌లు వెతికే పరిశోధనలు ఇటీవల పెరిగాయి. తూర్పు చైనాలో షాంఘై, దాని పొరుగు రాష్ట్రాల బడిపిల్లలు వెయ్యిమందికి పైగా ఇచ్చిన మూత్రాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో పరీక్షిస్తే సగానికి పైగా శాంపిల్స్‌లో ఏదో ఒక యాంటీబయాటిక్ కనిపించింది. ఇలాంటి అధ్యయనాల్లో 24 గంటల మూత్రం దొరకదు, ఒక్క పూట శాంపిల్ మాత్రమే ఉంటుంది కాబట్టి మూత్రం పలుచదనంలోని తేడా సర్దడానికి గాఢతను క్రియాటినిన్‌తో భాగించి చెబుతారు. క్రియాటినిన్ కండరాలను బట్టి మారుతుంది. పిల్లవాడికీ పెద్దవాడికీ ఆ భాగహారం ఒకేలా పనిచేయదు.

మన దగ్గరికి వద్దాం. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గరి మందుల కర్మాగారాల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని ఇదే రకం యంత్రంతో కొలిచి, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. దాకా ఉందని ప్రచురించారు. ఆ అంకెను మనం ఇందాక చూసిన లెక్క పక్కన పెట్టండి. లీటరుకు 31 మి.గ్రా. అంటే మిల్లీలీటరుకు 31 మైక్రోగ్రాములు. 250 మి.గ్రా. మాత్ర వేసుకున్న రోగికి 8 నుంచి 12 గంటల మధ్య వచ్చే మూత్రంలో ఉండేది కూడా దాదాపు అంతే. శుద్ధి చేశామని వదిలిన నీరు, మందు కోర్సులో ఉన్న మనిషి మూత్రం ఒకే గాఢతలో ఉన్నాయి.

అలాంటి పరిసరాల్లో, మందు వాడని మనిషి మూత్రంలో మిల్లీలీటరుకు ఒకటి రెండు నానోగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ కనబడితే అది ఎక్కడిదో చెప్పగలరా అని ఇక్కడికి వచ్చే ముందు ఒక విద్యార్థిని నన్ను అడిగింది. మంచి ప్రశ్న, జవాబు సులువు కాదు. కోళ్లకు వాడే ఎన్‌రోఫ్లాక్సాసిన్ శరీరంలో కొంతమేర సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. ఆ రెండూ కలిసి కనిపిస్తే తిండి వైపు మొగ్గవచ్చు; ఎన్‌రోఫ్లాక్సాసిన్ మనుషులకు ఇచ్చే మందు కాదు కాబట్టి. సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్కటే కనిపిస్తే తిండి, నీరు, మరిచిపోయిన మాత్ర మూడూ బరిలో ఉంటాయి. దీని అర్ధాయువు, అంటే శరీరంలో మందు సగానికి తగ్గే సమయం, సుమారు 4 గంటలు. 200 మైక్రోగ్రాముల నుంచి ఒక నానోగ్రాముకు దిగాలంటే దాదాపు 18 అర్ధాయువులు పడతాయి, అంటే మూడు రోజులు; చివరి దశలో మందు ఇంకా నెమ్మదిగా కదిలితే అంతకన్నా ఎక్కువే. ఆదివారం మెడికల్ షాపులో అడిగి వేసుకున్న ఒక్క మాత్ర బుధవారం నాడు కోడికూరలా కనిపించే అవకాశం ఉంది. కాబట్టి అలాంటి అధ్యయనానికి వెళితే మూత్రం డబ్బాతో పాటు కనీసం గత రెండు వారాల్లో వేసుకున్న ప్రతి మాత్ర గురించి అడిగే ప్రశ్నాపత్రం తీసుకెళ్లండి. మాత్ర పేరు గుర్తులేదన్నవారిని ఖాళీ స్ట్రిప్ ఉంటే చూపించమని అడగండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.